హైకోర్టు విచారణల రికార్డింగులు: ఉన్నాయి సరే, మన కేసు అందులో దొరుకుతుందా?

ఇంట్లో కూర్చుని హైకోర్టు విచారణ వినొచ్చన్న సంగతి ఇప్పటికీ చాలామందికి తెలీదు. టికెట్ లేదు, లాగిన్ లేదు, లాయర్ అయ్యుండక్కర్లేదు. లైవ్ పెట్టే హైకోర్టు అయితే ఫోన్‌లో యూట్యూబ్ ఉంటే చాలు, జడ్జిగారు ఏమడిగారు, గవర్నమెంట్ ప్లీడర్ ఏం చెప్పారు, మన లాయర్ అసలు నోరు విప్పాడా లేదా అన్నీ మన చెవులతో మనమే వినొచ్చు. ఫోన్లకీ హోటళ్ళకీ బోలెడు రివ్యూలు ఉంటాయి గానీ జనం పన్ను డబ్బుతో నడిచే ఇలాంటి సర్వీసు ఎలా ఉందో ఎవరూ రాయట్లేదు, అందుకే రాస్తున్నా. కొంచెం పెద్దదే, కోర్టు పని ఉన్నవాళ్ళకి పనికొస్తుందని ఓపిగ్గా రాశా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. రికార్డింగ్ పెట్టడం ఒకటి, అది కావాల్సిన మనిషికి దొరకడం ఇంకోటి. మొదటిది మనవాళ్ళు బాగానే మొదలుపెట్టారు, రెండోదాని గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఇంకో మాట, అసలు దీనికి వీడియో అక్కర్లేదు, శుభ్రంగా వినబడే ఆడియో చాలు. ఈ మాట వింటే చాలామంది ఒప్పుకోరని తెలుసు, ఎందుకంటున్నానో కింద చెప్తా.

ఇదంతా ఎలా వచ్చిందో కాస్త. బహిరంగ విచారణే సాధారణ నియమం అన్నది పాత మాటే, 1966లో మిరాజ్‌కర్ కేసులో తొమ్మిది మంది జడ్జిల బెంచ్ కూడా అదే చెప్పింది. కానీ తలుపు తెరిచి ఉంటే ఏం లాభం, హాల్లో కుర్చీలు లాయర్లకే చాలవు, పని మానుకుని బస్సెక్కి వచ్చిన కక్షిదారు వరండాలో నిలబడాల్సిందే. 2018 సెప్టెంబర్ 26న స్వప్నిల్ త్రిపాఠి కేసులో సుప్రీంకోర్టు లైవ్ స్ట్రీమింగ్‌కి సరే అంది, పిటిషన్ వేసినప్పుడు స్వప్నిల్ లా స్టూడెంట్. తీర్పొచ్చినా రెండేళ్ళు పెద్దగా కదలిక లేదు, కోవిడ్ వచ్చి కోర్టులన్నీ వీడియో కాన్ఫరెన్స్‌లోకి వెళ్ళాకే గుజరాత్ హైకోర్టు 2020 అక్టోబర్ 26న అప్పటి చీఫ్ జస్టిస్ విక్రమ్ నాథ్ గారి కోర్టుని యూట్యూబ్‌లో పెట్టింది. హైకోర్టుల్లో అదే మొదలు. 2021 జులైలో దాన్ని అధికారికంగా ప్రారంభించింది మన ఎన్.వి. రమణ గారు, అప్పుడు ఆయన దేశ ప్రధాన న్యాయమూర్తి. ఆయన రిటైరైన రోజే, 2022 ఆగస్టు 26న, సుప్రీంకోర్టు కూడా మొదటిసారి లైవ్ పెట్టింది. గుజరాత్ తర్వాత కర్ణాటక, ఒడిశా, పాట్నా, మధ్యప్రదేశ్ ఇలా ఒక్కో హైకోర్టూ ఆ దారిలోకి వచ్చింది.

సరే, వాడి చూస్తే ఎలా ఉంటుందంటే, ఒక కోర్టు హాల్లో ఆ రోజు జరిగినదంతా కలిపి ఒకటే వీడియో. టైటిల్‌లో కోర్టు హాల్ నంబరు, తేదీ, అంతే. ఐదు గంటలుంటుందో ఆరు గంటలుంటుందో. మీ కేసు అందులో ఎక్కడో నలభై సెకన్లు ఉంటుంది. అది ఎక్కడుందో చెప్పే గుర్తు ఏదీ లేదు, కేసు నంబర్ కొట్టి వెతకడానికి లేదు. కాజ్ లిస్ట్, అంటే ఆ రోజు విచారించే కేసుల జాబితా పక్కన పెట్టుకుని, అందులోని ఐటమ్ నంబర్లు (వరస నంబర్లు) వింటూ ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ పోవాలి. అదైనా వరసలో పిలిస్తే పర్లేదు, పొద్దున్నే మెన్షనింగులు (మా కేసు అర్జెంటు అని లాయర్లు చెప్పుకోవడం) ఉంటాయి, ఎవరో పాస్ ఓవర్ (కాసేపాగి మళ్ళీ పిలవమని) అడుగుతారు, 12 తర్వాత 31 పిలుస్తారు, భోజనం బ్రేక్ తర్వాత మళ్ళీ 14కి వస్తారు. సీరియల్ నంబర్ ఒక్కటే పిలుస్తారు కాబట్టి పార్టీల పేర్లు కూడా వినబడవు.

సౌండ్ సంగతి ఇంకో కథ. జడ్జిగారి మైకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆయన మాట బాగానే వస్తుంది. కింద నిలబడ్డ లాయర్లు మైకుకి దూరం, పైగా ఫైల్లో పేజీలు తిప్పుతూ తల దించి మాట్లాడతారు, కాగితాల చప్పుడు తప్ప మాట వినబడదు. ఆన్‌లైన్‌లో వచ్చే లాయర్ అయితే ముందు నేను వినబడుతున్నానా అని అడుగుతాడు, లేదు అంటారు, మళ్ళీ అడుగుతాడు, అలా ఒక నిమిషం పోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సౌండ్ ఫుల్లు పెట్టి వింటుంటే ఎవరో మైకు తట్టారనుకోండి, చెవి అదిరిపోతుంది. నేను విన్నంతలో జడ్జి వైపు మాట దాదాపు పూర్తిగా అర్థమవుతుంది, వాదించేవాళ్ళ మాట సగమే, అవతలి పక్క ప్రభుత్వ లాయర్ చెప్పింది చాలాసార్లు జడ్జి మళ్ళీ అడిగే ప్రశ్నని బట్టి ఊహించుకోవాలి. సర్వీసులో ఇది అన్నిటికంటే పెద్ద లోపం, ఎందుకంటే కెమెరా ఎంత మంచిదైనా కోర్టులో జరిగేది మాట, మాట వినబడకపోతే ఇంకేం ఉన్నట్టు.

అయినా ఎందుకు వింటానో చెప్తా. మా పెద్దనాన్న వాళ్ళ భూమి నష్టపరిహారం మీద ఒక హైకోర్టులో రిట్ ఉంది, ఏ హైకోర్టో చెప్పను. వాయిదా రోజు సాయంత్రం లాయర్ గారు ఫోన్ చేసి "ఈరోజు కూడా బెంచ్ మీదకి రాలేదండీ, వాయిదా పడింది" అన్నారు. ఎప్పుడూ అలాగే అంటారు, పెద్దనాన్న కూడా కోర్టులంటే అంతేలే అని సర్దుకుపోతారు. ఆ రోజు మాత్రం రికార్డింగ్ ఉంది కదా అని పక్కన కూర్చోబెట్టుకుని వెతికాను. దొరికింది. ఐటమ్ పిలిచారు. జడ్జిగారు కౌంటర్ (ప్రభుత్వం రాసిచ్చే జవాబు) వేశారా అని అడిగారు, వేశామని ప్రభుత్వ లాయర్ చెప్పారు. అయితే వింటాను చెప్పండి అన్నారు జడ్జిగారు. మన వైపు నుంచి ఒక జూనియర్ లేచి సీనియర్ వేరే కోర్టులో ఉన్నారు, టైం కావాలి అన్నాడు. నాలుగు వారాల తర్వాత పోస్ట్ చేయమన్నారు, తర్వాతి ఐటమ్ పిలిచేశారు. మొత్తం ఒక నిమిషం కూడా లేదు. నేను తెలుగులో ముక్క ముక్క చెప్తుంటే పెద్దనాన్న "ఇంకోసారి పెట్టు" అన్నారు. రెండోసారి విని, "అంటే ఆయన వింటానన్నాడా" అని అడిగారు. అవును అన్నాను. మర్నాడు లాయర్ గారికి ఫోన్ చేసి పెద్దనాన్నే మాట్లాడారు, గొడవేం పడలేదు, ఈసారి మీరే రండి సార్ అని ఒక్క మాట అన్నారు. తర్వాత వాయిదాకి లాయర్ గారే వచ్చి వాదించారు. ఇలాంటివాళ్ళు ఈ దేశంలో ఎంతమంది ఉంటారు, తప్పు ఎక్కడ జరుగుతోందో తెలీక అంతా కోర్టు మీదే వేసుకుని బతికేవాళ్ళు. ఆ ఒక్క నిమిషం కోసమైనా ఈ సర్వీసు ఉండాలి.

ఇప్పుడు పోల్చి చూడటానికి ఒకటి చెప్తా, ఓయెజ్ అని అమెరికా సుప్రీంకోర్టు విచారణల ఆడియో సైటు. అక్కడ కోర్టు హాల్లోకి కెమెరాని రానివ్వరు, ఇప్పటికీ అంతే. కానీ 1955 అక్టోబర్ నుంచి విచారణల సౌండ్ రికార్డ్ చేస్తూనే ఉన్నారు. ఆ టేపులు నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళేవి, అక్కడికి వెళ్ళి వినాలంటే చదువు కోసమే, కాపీలు పంచుకోం అని రాసివ్వాలి. 1993లో పీటర్ ఐరన్స్ అనే ప్రొఫెసర్ ఆ టేపుల్లో ముఖ్యమైనవి క్యాసెట్లుగా జనంలోకి తెచ్చేశాడు, కోర్టు ముందు చర్యలు తీసుకుంటాం అంది, చివరికి అదే ఏడాది ఆంక్షలు ఎత్తేసింది. తర్వాత జెర్రీ గోల్డ్‌మన్ అనే ఇంకో ప్రొఫెసర్ వాటిని ఇంటర్నెట్‌లో పెట్టాడు, అదే ఓయెజ్. కోవిడ్ టైంలో 2020 మే 4 నుంచి కోర్టు ఫోన్‌లో విచారణలు పెట్టి ఆ ఆడియోని లైవ్‌లో వినిపించడం మొదలుపెట్టింది, జడ్జిలు మళ్ళీ హాల్లోకి వచ్చాక కూడా ఆపలేదు.

ఆ సైటు వాడి చూస్తే తేడా ఏంటో అర్థమవుతుంది. కేసు పేరు కొడితే ఆ కేసు ఒక్కటే వస్తుంది, రోజంతా కాదు. ప్లే నొక్కితే మాట్లాడుతున్న వాక్యం స్క్రీన్ మీద రంగు మారుతూ కిందకి కదులుతుంది, ఏ జడ్జి మాట్లాడుతున్నారో పేరు కనబడుతుంది. టెక్స్ట్‌లో మనకి కావాల్సిన లైను మీద నొక్కితే గొంతు అక్కడికే వెళ్తుంది. ఫ్రీ. 1967లో లవింగ్ కేసు ఉంది, తెల్లజాతి మనిషి, నల్లజాతి అమ్మాయి పెళ్ళి చేసుకుంటే వర్జీనియాలో నేరం అన్న చట్టం మీద. వాళ్ళ లాయర్ బెర్నార్డ్ కోహెన్ అంత చట్టం మాట్లాడుతూ మధ్యలో తన క్లయింట్ చెప్పి పంపిన మాట చెప్తాడు, నా భార్యంటే నాకు ప్రేమ, వర్జీనియాలో ఆమెతో కలిసి బతకనివ్వకపోవడం అన్యాయం అని కోర్టుకి చెప్పండి అన్నాడని. ఆ మాట తీర్పు కాపీలో చదివేది కాదు, ఆ గొంతులో వినాల్సింది. ఇన్నేళ్ళ తర్వాత ఎక్కడో ఉన్న నేను వినగలిగాను.

మన దగ్గర అలాంటివి ఎన్ని పోయాయో తలచుకుంటే బాధేస్తుంది. కేశవానంద భారతి కేసు 1972 అక్టోబర్ చివర మొదలై 1973 మార్చి దాకా 68 రోజులు నడిచింది, పదమూడు మంది జడ్జిలు, రాజ్యాంగాన్ని సవరించినా దాని మౌలిక స్వరూపం మార్చకూడదు అనే మాట అక్కడే నిలబడింది. 1975 నవంబర్‌లో ఎమర్జెన్సీ మధ్యలో ఆ తీర్పుని తిరగదోడటానికి బెంచ్ కూర్చుంటే పేరున్న లాయర్ నానీ పాల్కీవాలా వాదన విన్నవాళ్ళు జీవితాంతం చెప్పుకున్నారు, ఆ బెంచే రద్దయిపోయింది. ఆ వాదన రికార్డింగ్ లేదు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు గారు, తర్వాత ఆయన సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ అయ్యి, ప్రాథమిక హక్కులని పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు. ఆయన బెంచ్ మీద కూర్చుని లాయర్ని ప్రశ్న అడిగితే ఎలా ఉండేదో మన తరానికి తెలిసే దారే లేదు.

పోయినవి పోయాయి, ఇప్పుడు వస్తున్నవాటి సంగతి చూడండి. సుప్రీంకోర్టు ఈ-కమిటీ (కోర్టుల కంప్యూటరీకరణ చూసే కమిటీ) 2021లో లైవ్ స్ట్రీమింగ్‌కి మోడల్ రూల్స్ తయారు చేసింది. అందులో మంచి విషయాలు చాలా ఉన్నాయి. భార్యాభర్తల తగాదాలు, అత్యాచారం కేసులు, పిల్లల మీద నేరాల కేసులు లైవ్ పెట్టకూడదు. జడ్జిలు తమలో తాము మాట్లాడుకున్నది, లాయరూ క్లయింటూ గుసగుసలాడుకున్నది బయటికి పోకూడదు. లైవ్ ఆపడానికి జడ్జిగారి చేతిలో రిమోట్ ఉండాలి, ప్రసారం పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాలి. ఇవన్నీ న్యాయమైనవే, నాకేం అభ్యంతరం లేదు. రికార్డింగ్ దివ్యాంగులకి కూడా అందుబాటులో ఉండాలని రాశారు, చూపు లేని లాయర్లూ స్టూడెంట్లూ ఉన్నారు కాబట్టి ఆ మాట చాలా గొప్పది. కానీ రికార్డింగుని ఎన్నాళ్ళు దాచాలంటే కనీసం ఆరు నెలలు అన్నారు. ఆరు నెలలు ఏ మూలకి! రిట్ అడ్మిట్ అయ్యి కౌంటర్ పడేసరికే ఆ టైం అయిపోతుంది. అప్పీల్ వేసేనాటికి కింది బెంచ్ ముందు ఏం ఒప్పుకున్నారో ఏం కాదన్నారో వినడానికి ఏమీ మిగలదు. కేసు బతికున్నంత కాలమైనా, ఆ మీద అప్పీల్ తేలేదాకా అయినా ఉంచాలి కదా. స్టోరేజ్ ఖర్చు అంటారేమో, అక్కడే నా ఆడియో మాట వస్తుంది.

మాటకి సరిపడే క్వాలిటీలో, అంటే సెకనుకి 64 కిలోబిట్లలో ఆడియో పెడితే గంటకి దాదాపు 29 ఎంబీ. ఐదు గంటల కోర్టు 150 ఎంబీ లోపే. వీడియో అయితే గంటకే అంతకంటే ఎన్నో రెట్లు. పల్లెటూళ్ళో సిగ్నల్ సరిగ్గా లేని చోట, రోజుకి ఇంత డేటా అని లెక్కపెట్టుకుని వాడే మనిషికి ఏది నయం? పొలం గట్టు మీద నడుస్తూ కూడా వినొచ్చు. కోర్టు వైపు కూడా అదే డబ్బుతో ఎన్నో ఏళ్ళ రికార్డింగులు దాచొచ్చు, ఆ మిగిలినదాంతో ప్రతి లాయర్ పోడియం దగ్గరా ఒక మంచి మైకు పెట్టొచ్చు.

ఇంకో కారణం ఇంకా పెద్దది. వీడియో పెట్టగానే రీల్స్ చేసేవాళ్ళు దిగారు. జడ్జి ఒకరిని మందలించిన ముప్పై సెకన్లు కోసి, కింద మ్యూజిక్ వేసి, ఫలానా లాయర్ పరువు పోయింది అని పెట్టడం. దాంట్లో కేసేంటో ఉండదు, ముందేం జరిగిందో ఉండదు, ఒక జూనియర్ లాయర్ మొహం మాత్రం ఊరంతా తిరుగుతుంది. 2024 సెప్టెంబర్‌లో కర్ణాటక హైకోర్టు విచారణ క్లిప్పులు పాకి గొడవై సుప్రీంకోర్టు తనంతట తానే పట్టించుకుంది, అదే ఏడాది నవంబర్‌లో మధ్యప్రదేశ్ హైకోర్టు క్లిప్పులు కోసి పెట్టడం మీద ఆంక్షలు పెట్టింది. అంతకుముందు 2023 డిసెంబర్‌లో కర్ణాటకలో వీడియో కాన్ఫరెన్స్‌లోకి ఎవరో చొరబడి అశ్లీల దృశ్యాలు పెడితే కొన్నాళ్ళు స్ట్రీమింగే ఆపేశారు. నిజం చెప్పాలంటే 2024 కర్ణాటక క్లిప్పుల విషయంలో వీడియో ఉండబట్టే జడ్జి మాట్లాడిన తప్పుమాట బయటపడింది, ఆయన పశ్చాత్తాపం చెప్పారు, కేసు ముగిస్తూ సుప్రీంకోర్టు కూడా లైవ్ ఆపేయడం పరిష్కారం కాదనే అంది. కానీ ఆ మాట సౌండ్‌లో ఉన్నా అంతే బయటపడేది. ఎవరేమన్నారో లెక్కకి రావాలి, ఎవరి మొహం ఎలా పెట్టారో కాదు. ఆడియోని కూడా కోయొచ్చు, నిజమే, కానీ మొహం లేని సౌండ్ ముక్క రీల్‌గా అంత దూరం పోదు, పక్కనే పూర్తి టెక్స్ట్ ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

భాష సంగతి చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టుల్లో పని ఇంగ్లీషులో, కొన్ని రాష్ట్రాల్లో హిందీకి వీలుంది, తెలుగుకి లేదు. కాబట్టి రికార్డింగ్ చేతిలో ఉన్నా మా పెద్దనాన్న లాంటి వాళ్ళకి పక్కన ఒక మనిషి కావాలి. మాట టెక్స్ట్ అయితే దాన్ని తెలుగులోకి మార్చడం కుదురుతుంది. 2023 ఫిబ్రవరి 21 నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలని ఏఐతో టెక్స్ట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది, తీర్పుల అనువాదానికి సువాస్ అనే సాఫ్ట్‌వేర్ 2019 నుంచే ఉంది. రెండు ముక్కలూ చేతిలో ఉన్నాయి, కలపాలి. అయితే ఇవన్నీ సౌండ్ శుభ్రంగా ఉంటేనే పనిచేస్తాయి, ఫైలు చప్పుడులోంచి ఏ మెషీనూ మాట తీయలేదు, కాబట్టి మళ్ళీ మైకు దగ్గరికే వచ్చాం.

రేటింగ్ అంటే, విచారణలు బయటపెట్టాలన్న ఆలోచనకి 5కి 5, కళ్ళు మూసుకుని ఇస్తా. సౌండ్‌కి 2. వెతకడానికి 1, అది కూడా తేదీ రాసినందుకు. కేసు నంబర్ కొడితే ఆ నలభై సెకన్లు వచ్చేలా చేస్తే చాలు, ఐటమ్ పిలిచినప్పుడల్లా కోర్టు మాస్టర్ (హాల్లో ఫైళ్ళ పని చూసే ఉద్యోగి) పక్కన ఒక బటన్ నొక్కితే టైం పడిపోతుంది, ఇది రాకెట్ సైన్స్ కాదు. అలా చేసిన రోజు ఈ రేటింగ్ నేనే మార్చి రాస్తా.

కేసున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. వాయిదా ముందు రోజు రాత్రి కాజ్ లిస్ట్ చూసి తేదీ, కోర్టు హాల్ నంబర్, ఐటమ్ నంబర్ ఒక పుస్తకంలో రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసుకి 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ (కేసు గుర్తింపు నంబర్) ఉంటుంది, దాంతో ఆ రోజు ఆర్డర్ వచ్చిందేమో చూసుకుని, రికార్డింగ్‌లో విన్నదాంతో పోల్చుకోండి. కాపీ చేసి గ్రూపుల్లో పంచొద్దు, రికార్డింగ్ మీద కాపీరైట్ కోర్టుదే, లేనిపోని చిక్కు. మీకు కావాల్సిన రోజు యూట్యూబ్‌లో కనబడకపోతే వదిలేయకండి, మోడల్ రూల్స్‌ని బట్టి అప్‌లోడ్ చేయని రికార్డింగ్ కోసం దీనికని పెట్టిన కోర్టు అధికారికి దరఖాస్తు పెట్టుకునే వీలుంది, మీ హైకోర్టు రూల్స్‌లో ఆ క్లాజు ఉందో లేదో మీ లాయర్‌ని అడిగి, ఆరు నెలలు దాటకముందే పెట్టండి.